ఊపితేనే నిద్రపోయే 7 నెలల బాబు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగిన సంగతి ఇదీ. బాబుకి 7 నెలలు. భుజాన వేసుకుని అరగంట ఊపితే తప్ప కన్ను మూయడు. పడుకున్నాడు కదా అని మెల్లగా పక్క మీద దించితే టక్కున కళ్ళు తెరుస్తాడు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తాడు, లేచినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి ఊపుడే. మీకు నడుం పట్టేసింది. నిద్రలేక ఇంట్లో ఇద్దరికీ చిన్న విషయానికే మాటా మాటా పెరుగుతోంది. ఒకరేమో "రెండు రాత్రులు ఏడవనివ్వు, వాడే దారికొస్తాడు" అంటున్నారు. ఇంకొకరు "పసివాణ్ణి అలా ఏడిపిస్తారా" అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

పసిపిల్లల నిద్ర గురించి తల్లిదండ్రులతో మాట్లాడటమే నా పని కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊపడం తప్పు కాదు, మీరు బాబుని చెడగొట్టలేదు. ఊపడం పూర్తిగా మానేయాల్సిన అవసరం కూడా లేదు. మార్చాల్సింది ఒక్కటే. మెలకువలోంచి నిద్రలోకి జారే ఆ చివరి కాసిని నిమిషాలు మీ చేతుల్లో కాకుండా వాడి పక్క మీద జరగాలి. అది కూడా మొదట రాత్రి పడుకోబెట్టేటప్పుడు మాత్రమే. అర్ధరాత్రి మెలకువలూ పగటి నిద్రలూ తర్వాత చూసుకోవచ్చు. అన్నీ ఒకేసారి మార్చబోయి మూడో రోజుకల్లా అలిసిపోయి వదిలేసినవాళ్ళనే నేను ఎక్కువగా చూస్తుంటాను.

ఊపితే నిద్ర ఎందుకొస్తుందో కాస్త చూద్దాం. చాలామంది దీన్ని పిల్లవాడి మొండితనంగానో, తమ గారాబం వల్లనో జరిగిందని అనుకుంటారు. అది నిజం కాదు. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ వాళ్ళు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లి ఎత్తుకుని నడుస్తున్నప్పుడు పసిపిల్లల గుండె వేగం తగ్గుతుందని, ఏడుపూ కాళ్ళూచేతుల కదలికలూ నెమ్మదిస్తాయని కొలిచి చూపించారు. తల్లి ఊరికే ఎత్తుకుని కూర్చుంటే అంత మార్పు రాలేదు. చిట్టెలుక పిల్లల్లోనూ ఇలాంటి మార్పే కనిపించింది. అంటే ఇది మీ ఇంట్లో పుట్టిన అలవాటు కాదు, ఒంట్లోనే ఉన్న ఏర్పాటు. 2019లో స్విట్జర్లాండ్‌లో పెద్దవాళ్ళని మెల్లగా ఊగే మంచాల మీద పడుకోబెట్టి చూస్తే, వాళ్ళు కూడా మామూలుకంటే త్వరగా నిద్రలోకి వెళ్ళారు. కాబట్టి మీ బాబు ఊపమని అడగడంలో వింత ఏమీ లేదు.

ఇక దించగానే లేచిపోయే సంగతి. ఆ జపాన్ బృందమే 2022లో ఇంకో విషయం చెప్పింది. పిల్లల గుండె వేగం పెరగడం మొదలయ్యేది వీపు పరుపుకి తగిలినప్పుడు కాదు, మన ఒంటి నుంచి వాళ్ళ ఒళ్ళు విడివడటం మొదలైనప్పుడు. పరుపు చల్లగా ఉందనీ గట్టిగా ఉందనీ మనం పరుపుని తిడుతుంటాం గానీ, అసలు సంగతి అంతకుముందే జరిగిపోతుంది. వాళ్ళు సూచించిన ఉపాయం ఏమిటంటే, ఏడుస్తున్న బిడ్డని ఆగకుండా 5 నిమిషాలు ఎత్తుకుని నడవడం, నిద్రపోయాక వెంటనే దించకుండా ఇంకో 5 నుంచి 8 నిమిషాలు కదలకుండా ఎత్తుకుని కూర్చోవడం, ఆ తర్వాత దించడం. మరీ చిన్నపిల్లలున్నవాళ్ళకీ, ఈ వారం ఏదో ఒకలా గట్టెక్కితే చాలు అనుకునేవాళ్ళకీ ఇది పనికొస్తుంది. కానీ మీ సమస్యకి ఇది మందు కాదు, ఎందుకంటే నిద్రపోవడం ఇంకా మీ చేతుల్లోనే జరుగుతోంది.

అలా చేతుల్లో నిద్రపోతే రాత్రి ఎందుకు ఇబ్బంది? నిద్ర ఏకబిగిన సాగదు. తేలిక నిద్ర నుంచి గాఢ నిద్రకి వెళ్ళి మళ్ళీ తేలికయ్యే చుట్టుని ఆవృత్తి అంటారు; పెద్దవాళ్ళలో దాదాపు గంటన్నరకి ఒక ఆవృత్తి పూర్తయితే, పసిపిల్లల్లో 50 నిమిషాలకో గంటకో ఒకటి పూర్తవుతుంది. ఒక ఆవృత్తి ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట కాస్త మెలకువ రావడం సహజం. మనకీ వస్తుంది, అటు తిరిగి ఇటు తిరిగి పడుకుంటాం, పొద్దున్నకి గుర్తుండదు. రాత్రంతా పడుకుంటారని తల్లిదండ్రులు చెప్పే పిల్లల్ని కెమెరా పెట్టి గమనిస్తే వాళ్ళు కూడా లేస్తారని తేలింది. లేచి కాసేపు అటూ ఇటూ చూసి ఎవరినీ పిలవకుండా మళ్ళీ పడుకుంటారు, అంతే తేడా. మీ బాబుకి ఆ దారి ఇంకా తెలియదు. వాడికి తెలిసిన దారి భుజం మీద ఊగడం ఒక్కటే, అందుకే ప్రతిసారీ మిమ్మల్ని పిలుస్తున్నాడు.

"మూడు నెలల వరకు బాగానే పడుకునేవాడు, తర్వాతే ఇలా అయింది" అని చాలామంది అంటారు. దానికీ కారణం ఉంది. అప్పుడే పుట్టిన పిల్లల నిద్రలో దాదాపు సగం చురుకు నిద్రే, కళ్ళు మూసుకునే మూలుగుతూ, కదులుతూ, ముఖాలు మార్చే నిద్ర. నేరుగా అందులోకే వెళ్ళిపోతారు. మూడు నాలుగు నెలలకి నిద్ర తీరు మారి పెద్దవాళ్ళ పద్ధతికి దగ్గరవుతుంది, మధ్యలో వచ్చే మెలకువలు స్పష్టమవుతాయి. అది వెనక్కి పోవడం కాదు, ఎదుగుదలే.

మొదలుపెట్టే ముందు ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా చెప్పాలి. 2018లో కెనడాలో 388 మంది పసిపిల్లల మీద వచ్చిన అధ్యయనం ప్రకారం, 6 నెలల వయసులో దాదాపు 38 శాతం మంది వరసగా 6 గంటలు నిద్రపోవడం లేదు. ఏడాది నిండినా 28 శాతం మంది అంతే. ఆ పిల్లల ఎదుగుదలలో తేడా ఏమీ కనిపించలేదు. కాబట్టి పక్కింటి పాప రాత్రంతా పడుకుంటుందన్న మాట వినగానే టెన్షన్ పడకండి. 7 నెలల బిడ్డ రాత్రి ఒకసారి పాలకి లేవడం మామూలే. మనం కోరుకునేది అసలు లేవకపోవడం కాదు, ఆకలి లేనప్పుడు లేస్తే తనంతట తను మళ్ళీ కునుకు తీయగలగడం.

వయసు సంగతి చూస్తే మీ బాబు సరైన సమయంలోనే ఉన్నాడు. 4 నెలలు నిండకముందు ఈ ప్రయత్నం చేయమని నేను ఎవరికీ చెప్పను. ఆ వయసులో ఊపండి, ఎత్తుకోండి, ఏది పనిచేస్తే అది చేయండి. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకైతే అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోవాలి. ఆరోగ్యం కూడా ఒకసారి చూపించుకోండి. బరువు సరిగా పెరగకపోయినా, పడుకోబెట్టగానే పాలు పైకి తన్నుకొచ్చి మెలికలు తిరుగుతున్నా, చెవి పట్టుకుని లాగుకుంటూ జ్వరంతో ఉన్నా, ఒళ్ళంతా గోక్కుంటున్నా, రోజూ గురక పెడుతున్నా అది అలవాటు సమస్య కాదు, ముందు డాక్టర్ చూడాల్సిన సమస్య. అలాగే ప్రయాణం, ఇల్లు మారడం, మీరు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళడం లాంటివి ఉన్న వారంలో ఇది పెట్టుకోకండి.

ఇంకొకటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంతకాలం బాబు మీ కళ్ళముందు మీ చేతుల్లో నిద్రపోయాడు. ఇక మీదట మెలకువతో పక్క మీద ఉంటాడు, దొర్లుతాడు, దొరికింది లాగుతాడు. అందుకని ఆ పక్క క్షేమంగా ఉండాలి. గట్టిగా, చదునుగా ఉండే పరుపు, దాని మీద బిగుతుగా అమరిన దుప్పటి, అంతే. దిండు వద్దు, కప్పుకునే దుప్పటి వద్దు, బొమ్మలు వద్దు, చుట్టూ కట్టే మెత్తల గోడ వద్దు. వెల్లకిలా పడుకోబెట్టండి. తనంతట తను బోర్లా తిరిగితే అలా వదిలేయవచ్చు గానీ, మీరు పెట్టేటప్పుడు ఎప్పుడూ వెల్లకిలానే. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో ఆకస్మిక శిశుమరణాలు సగానికి పైగా తగ్గాయి. ఊగే కుర్చీలు, వాలుగా ఉండే పడకలు నిద్రకి కావు, తల ముందుకు వాలి ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది. 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశువుల పడకలని 2022లో అమెరికా చట్టం చేసి మరీ నిషేధించింది. బిడ్డని ఎత్తుకుని సోఫాలో కునుకు తీయడం మరీ ప్రమాదకరం. రాత్రుళ్ళు ఊపి ఊపి అలిసిపోయినవాళ్ళు తెలియకుండానే చేసే పని అదే. బట్టలో చుట్టే అలవాటు ఉంటే, బోర్లాపడే సూచన కనిపించిన రోజే మానేయాలి. ఊచల మంచమైతే పరుపుని కిందికి దించండి, ఇంకొన్నాళ్ళలో పట్టుకుని నిలబడతాడు.

ఇప్పుడు అసలు పని. దీనిలో ఎక్కువమంది పట్టించుకోనిది, నేను అన్నిటికన్నా ముందు అడిగేది, ఎన్ని గంటలకి పడుకోబెడుతున్నారని. నిద్ర రాని బిడ్డని ఏ పద్ధతీ నిద్రపుచ్చదు. మరీ అలిసిపోయిన బిడ్డ కూడా అంతే, చిరాకు పడి ఇంకా రెచ్చిపోతాడు. ఆ వయసులో ఒక నిద్రకీ ఇంకో నిద్రకీ మధ్య రెండు, మూడు గంటల మెలకువ చాలామందికి సరిపోతుంది, రాత్రి నిద్రకి ముందు ఇంకాస్త ఎక్కువ పడుతుంది. 4 నుంచి 12 నెలల పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. చూడండి, 12కీ 16కీ మధ్య ఎంత తేడా ఉందో. మీ బాబు 12 గంటల రకమైతే, పగలు నాలుగు గంటలు పడుకుని రాత్రి పదకొండు గంటలు పడుకోవాలని మీరు అనుకోవడంలోనే లెక్క తప్పుతుంది.

అందుకని నాలుగైదు రోజులు ఏమీ మార్చకుండా, వాడు నిజంగా ఎప్పుడు నిద్రపోతున్నాడో రాసిపెట్టుకోండి. మీరు 8 గంటలకి మొదలుపెడితే వాడు పడుకునేది 9కి అనుకుందాం. అప్పుడు మొదటి రోజు నుంచీ పడుకోబెట్టే సమయం 9. మీకు నచ్చిన సమయం కాదు, వాడికి నిద్ర వచ్చే సమయం. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు కొత్త పద్ధతి నేర్పితే ఏడుపు సగం తగ్గుతుంది. ఆ సమయానికి తేలిగ్గా పడుకోవడం అలవాటయ్యాక రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకి జరుపుకుంటూ రావచ్చు. పొద్దున లేపే సమయం మాత్రం రోజూ ఒకటే ఉంచండి, లేవగానే కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి. ఆ వెలుతురే వాడి ఒంటి గడియారాన్ని సరిచేస్తుంది.

పడుకోబెట్టే ముందు ఇరవై, ముప్పై నిమిషాలు రోజూ ఒకే వరసలో గడవాలి. స్నానమో, ఒళ్ళు తుడవడమో, డైపర్ మార్చడం, పాలు, వెలుతురు తగ్గించడం, ఒక పాట. ఏం చేశారన్నదానికన్నా వరస మారకపోవడమే ముఖ్యం. 2009లో 405 మంది తల్లులతో చేసిన అధ్యయనంలో, ఇలాంటి వరస పెట్టుకున్న కొద్ది రోజుల్లోనే పిల్లలు త్వరగా నిద్రపోవడం, రాత్రి లేవడం తగ్గడం చూశారు, వేరే ఏ శిక్షణా లేకుండానే. ఈ వరసలో పాలని ముందుకి జరపండి. ఊపడం మానిపించి పాలు తాగుతూ నిద్రపోయే అలవాటు తెస్తే, ఒక చేతిలోది ఇంకో చేతిలోకి మార్చినట్టే.

ఈ వరసలో ఊపడానికి కూడా చోటుంది. హాయిగా ఊపండి. కానీ నిద్రపోయేదాకా కాదు, శాంతించేదాకా.

మొదటి రెండు మూడు రాత్రులు నేను చెప్పేది ఇంతే: ఊపి శాంతపరిచాక కదలిక ఆపేసి, చేతుల్లోనే కదలకుండా పట్టుకుని ఉండండి. నిద్ర మీ చేతుల్లోనే రానివ్వండి, ఊపు లేకుండా. కాస్త గునుస్తాడు, మూలుగుతాడు, మిమ్మల్ని గుంజుతాడు. మళ్ళీ మొదలుపెట్టాలని మీ కాళ్ళు వాటంతటవే కదులుతాయి, ఆపుకోండి. మరీ ఏడిస్తే ఒక నిమిషం ఊపి మళ్ళీ ఆగండి. చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా పక్క మీద పెట్టేస్తారు. అలా చేస్తే ఊపూ పోతుంది, ఒడీ పోతుంది, రెండూ ఒకే రాత్రి పోతే వాడు గగ్గోలు పెట్టడంలో ఆశ్చర్యం ఏముంది?

తర్వాతి మెట్టు పక్క. కళ్ళు మత్తుగా ఉన్నా మెలకువలో ఉండగానే దించాలి. ఇక్కడే అందరూ తడబడతారు. రెప్పలు వాలిపోతూ, చేతులు బరువెక్కి వేలాడుతున్నాయంటే ఆలస్యమైపోయినట్టే, ఆ స్థితిలో పక్క మీద పెడితే ఉలిక్కిపడి లేస్తాడు. ఆవులించి, చూపు ఒకచోట నిలిచి, ఒంట్లో తొందర తగ్గినప్పుడే దించండి. ఇది మరీ తొందరగా ఉందే అని మీకు అనిపిస్తే దాదాపు సరైన సమయమే. దించేటప్పుడు మీరు కూడా వంగి, మీ ఛాతీ వాడికి ఆనుకునే ఉండేలా ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల ఆనించండి. తర్వాత మెల్లగా మీరు పైకి లేవండి, ఒక చేయి గుండె మీద ఉంచి. జోకొట్టండి, నోటితో మెల్లగా శబ్దం చేయండి.

ఆ రాత్రి ఏడుస్తాడు. ఏడవకుండా అయిపోతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను, ఎంత మెల్లగా చేసినా మార్పు మార్పే. ఏ ఏడుపుకి ఏం చేయాలన్నదే విషయం. ఆగి ఆగి వచ్చే నస, పాట పాడినట్టు సాగే మూలుగు, అలిసిపోయిన బిడ్డ నిద్రలోకి వెళ్ళే దారిలో చేసే చప్పుడు. దానికి మీ చేయి, మీ గొంతు చాలు. అసలు ఏమీ చేయకపోతే ఇంకా మంచిది, ఒక్కోసారి మన ఓదార్పే వాడి నిద్ర చెడగొడుతుంది. గుక్కపట్టి ఏడిస్తే ఎత్తుకోండి. భుజాన వేసుకోండి, శాంతించేదాకా ఉంచండి, కళ్ళు మూతపడకముందే మళ్ళీ దించండి. మొదటి రాత్రి ఇలా చాలాసార్లు ఎత్తడం, దించడం జరగొచ్చు, గంట పట్టొచ్చు. దించిన ప్రతిసారీ జోకొట్టడం మళ్ళీ మొదటి నుంచి. విసుగొచ్చి చివరికి ఊపి నిద్రపుచ్చారనుకోండి, అంతసేపు ఏడిస్తే ఊపుతారని వాడు నేర్చుకుంటాడు. అందుకే మీకు ఓపిక లేని రాత్రి మొదలుపెట్టకండి, కానీ మొదలుపెట్టాక మధ్యలో వదలకండి.

రెండు రాత్రులు కాస్త మెరుగై మూడో రాత్రో నాలుగో రాత్రో హఠాత్తుగా ఎక్కువ ఏడవడం తరచుగా జరుగుతుంది. పాత పద్ధతి నిజంగానే పోయిందా అని గట్టిగా అడిగి చూడటం అది. చాలామంది వదిలేసేది ఆ రాత్రే, తెలిసి ఉంటే దాటేయడం తేలిక.

పక్క మీద నిద్రపోవడం మొదలయ్యాక జోకొట్టడాన్ని తగ్గించుకుంటూ రావాలి. ముందు వేగం తగ్గించండి, తర్వాత నిద్రపోకముందే ఆపి చేయి మాత్రం ఉంచండి, తర్వాత చేయి తీసి పక్కన కూర్చోండి, ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి కుర్చీ తలుపు వైపు జరపండి. ఇదంతా రెండు మూడు వారాల పని. ఎక్కడైనా మీకు చాలనిపిస్తే అక్కడే ఆగిపోవచ్చు. పక్కన కూర్చుంటే చాలు, వాడు పడుకుంటాడు, మీకు ఇబ్బంది లేదు అనుకుంటే అంతకంటే ముందుకెళ్ళాలని రూలేం లేదు.

ఇక ఏడవనివ్వడం గురించి వాదన. గదిలోంచి వెళ్ళి, కాసేపటికోసారి వచ్చి పలకరించి, ఆ వ్యవధిని పెంచుకుంటూ పోయే పద్ధతి ఒకటుంది. త్వరగా పనిచేస్తుంది, చాలామందికి వారంలోపే. దానివల్ల పిల్లల మనసు దెబ్బతింటుందన్న భయం మీద 2016లో ఆస్ట్రేలియాలో 43 మంది పిల్లలతో చేసిన అధ్యయనం, ఏడాది తర్వాత చూసినా తల్లితో అనుబంధంలోగానీ ప్రవర్తనలోగానీ తేడా లేదని చెప్పింది. 43 చిన్న సంఖ్యే. కానీ మెల్‌బోర్న్‌లో 326 మంది పిల్లలతో మొదలుపెట్టి, వాళ్ళలో 225 మందిని 6 ఏళ్ళ వయసులో మళ్ళీ చూసి 2012లో ప్రచురించిన ఇంకో అధ్యయనమూ, నిద్ర అలవాట్లు మార్పించినవాళ్ళకీ మిగతావాళ్ళకీ ఆ వయసులో తేడా లేదనే చెప్పింది. హాని లేదు, శాశ్వతమైన లాభమూ లేదు. అంటే ఇది వాడి భవిష్యత్తు గురించి కాదు, ఈ కొన్ని నెలలు మీ ఇంటిల్లిపాదికీ నిద్ర గురించి.

మరి నేనెందుకు మొదట పక్కనే ఉండే పద్ధతి చెప్పాను? బయట నిలబడి ఏడుపు వినడం చాలామంది తల్లులవల్ల కాదు కాబట్టి. నలభై నిమిషాలు ఏడ్చాక తట్టుకోలేక వెళ్ళి ఊపితే, ఏడుపూ మిగిలింది, అలవాటూ మిగిలింది. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. కొందరు పిల్లలు మీరు ఎదురుగా కనిపిస్తూ ఎత్తుకోకపోతే ఇంకా ఉడుక్కుంటారు. మీరు బయటికెళ్తే ఐదు నిమిషాల్లో సర్దుకునే బిడ్డ, మీరు పక్కనుంటే గంట ఏడుస్తాడు. మీవాడు అలాంటివాడని తేలితే, కొద్దిసేపు వెళ్ళి వస్తూ ఉండటమే వాడి మీద దయ చూపడం. అది కఠినత్వం అనుకోవద్దు.

అర్ధరాత్రి సంగతి ఒక్క మాటలో చెబుతాను: మొదటి వారం పది రోజులు రాత్రి లేస్తే మీకు ఎలా తేలికైతే అలా పడుకోబెట్టండి, ఊపి అయినా సరే. రాత్రి మొదటి నిద్ర పక్క మీద రావడం స్థిరపడ్డాక, చాలామంది పిల్లల్లో మధ్య మెలకువలు వాటంతటవే తగ్గుతాయి. తగ్గనివాటికి అప్పుడు అదే పద్ధతి వాడండి. ఒకటి మాత్రం మొదటి రోజు నుంచే చేయొచ్చు, చప్పుడు వినగానే పరిగెత్తకండి. చురుకు నిద్రలో పిల్లలు కళ్ళు మూసుకునే మూలుగుతారు, ఒక కేక కూడా వేస్తారు. ఎత్తుకుంటే మనమే లేపినవాళ్ళమవుతాం. ఒక నిమిషం ఆగి చూడండి. పాల విషయంలో ఎన్నిసార్లు ఇవ్వాలో పగలే నిర్ణయించుకోండి. చీకట్లో, నిద్ర మత్తులో తీసుకునే నిర్ణయాలు ఎప్పుడూ పాలవైపే మొగ్గుతాయి. రాత్రి పాలు పూర్తిగా మాన్పించాలంటే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

పగటి నిద్రలు ఆఖరున. అప్పటిదాకా పగలు ఊపుకోండి, దానివల్ల రాత్రి పని చెడిపోదు. మార్చేటప్పుడు పొద్దుటి మొదటి కునుకుతో మొదలుపెట్టండి, అది తేలిక. సాయంత్రపుది అన్నిటికన్నా కష్టం, దాన్ని వదిలేసినా పర్వాలేదు, మరికొద్ది నెలల్లో ఆ నిద్రే ఉండదు.

ఇంట్లోవాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలాచోట్ల తేలిపోయేది అక్కడే. మీరు మూడు రాత్రులు కష్టపడితే, నాలుగో రాత్రి ఎవరో ఒకరు జాలిపడి వాణ్ణి భుజాన వేసుకుంటారు. వాళ్ళని తప్పుపట్టక్కర్లేదు, మొదలుపెట్టే ముందే కూర్చోబెట్టి చెప్పండి: వాణ్ణి ఒంటరిగా వదిలేయడం లేదు, ఎవరో ఒకరం పక్కనే ఉంటాం, ఊపు మాత్రమే తగ్గిస్తున్నాం అని. పెద్దవాళ్ళకి పాట పాడే పని అప్పగించండి. మొదటి కొన్ని రాత్రులు తండ్రి పడుకోబెడితే చాలాసార్లు తేలికవుతుంది, ఆయన దగ్గర పాల వాసన రాదు, పాల మీద ఆశ ఉండదు. ఇద్దరూ రోజు మార్చి రోజు చేయొచ్చు, పద్ధతి ఒకటే అయితే చాలు.

ఎప్పుడైనా ఏడుపు విని మీకు ఒళ్ళు మండి, చేతులు బిగుసుకుంటే, వాణ్ణి ఆ పక్క మీద వెల్లకిలా పెట్టి గదిలోంచి బయటికి రండి. ఐదు పది నిమిషాలు ఏడ్చినా ఏమీ కాదు. కోపంలో బిడ్డని గట్టిగా కుదిపితే మెదడుకి దెబ్బ తగులుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇది మంచి తల్లిదండ్రులకి రాని కోపం కాదు, నిద్రలేనివాళ్ళందరికీ వచ్చేదే. అలాగే బాబు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, రెండు వారాలుగా ఏ పనీ రుచించక దిగులుగా ఉంటే, ముందు మీ గురించి డాక్టర్‌కి చెప్పండి. వాడి నిద్ర సంగతి కొన్నాళ్ళు ఆగినా పర్వాలేదు.

నిద్రకి మందులు అడిగేవాళ్ళకి: వద్దు. జలుబు మందు చుక్కలు, నిద్ర కోసం ఇచ్చే మెలటోనిన్, ఏదీ డాక్టర్ రాయకుండా పసిపిల్లలకి వేయకూడదు. ఫ్యాన్ చప్పుడు లాంటి శబ్దం చేసే యంత్రం వాడాలనుకుంటే వాడండి, కానీ బిడ్డకి రెండు మీటర్ల దూరంలో, తక్కువ శబ్దంతో.

అంతా కుదిరిన తర్వాత కూడా జ్వరమో జలుబో వస్తుంది, 8, 9 నెలలకి మీరు కనిపించకపోతే బెంగపడే దశ వస్తుంది, మంచం ఊచలు పట్టుకుని నిలబడి కూర్చోవడం రాక ఏడ్చే వారం ఒకటి వస్తుంది. జ్వరం ఉన్న రాత్రి ఊపండి, ఒళ్ళో పెట్టుకోండి, ఎంతసేపైనా. తగ్గాక మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, పక్క మీద పెట్టి జోకొట్టే మెట్టు నుంచి అందుకోండి. మొదటిసారి రెండు వారాలు పట్టినవాడికి ఈసారి రెండు మూడు రాత్రులు సరిపోతాయి. నిలబడే వాడికి మాత్రం పడుకోబెట్టడం మీద రాత్రంతా కుస్తీ పట్టకండి. కూర్చోవడం ఎలాగో పగలు ఆటలో నేర్పండి.